వెదురు కలం, ఇనుప కలం

కోరమాండల్ తీరపు చిత్తరువు గుడ్డలు నేడు లోకంలోని పెద్ద మ్యూజియంలలో భద్రంగా ఉన్నాయి. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిది ఒక పెద్ద సేకరణ. గుడ్డ ఏ శతాబ్దిదో, ఏ దేశపు మోజును అనుసరించి దానిమీద ఆ పూలు పూచాయో, అది పడకతెర అయిందో పైవస్త్రం అయిందో చెప్పే చీటీ పక్కనే ఉంటుంది. ఎక్కువ వెలుతురు తగలకుండా, తేమ చేరకుండా, పురుగు పట్టకుండా దానిని కాపాడటానికి ప్రత్యేకంగా మనుషులు ఉంటారు. ఆ గీత గీసిన పనిముట్టు ఏదీ అని అడిగితే మాత్రం చూపడానికి సాధారణంగా ఏమీ ఉండదు. గుడ్డ మూడు వందల ఏండ్లు బ్రతికింది. దానిమీద వ్రాసిన కలం అరిగిన నాడే పారవేయబడింది.

ఈ వ్యాసం ఆ కలం గూర్చి. ఆ కలాన్ని, దాని బంధువులైన కుంచెలను, అచ్చులను మనవారు ఎలా చేసుకొన్నారు, ఎలా కాపాడుకొన్నారు అన్న సంగతి గూర్చి. మన చిత్రకళా చరిత్రలు రాజులను, శైలులను, ఇతివృత్తాలను విస్తారంగా చెబుతాయి. పనిముట్టు దగ్గరకు వచ్చేసరికి "వెదురు పుల్ల" అని ఒక్క మాటతో దాటివేస్తాయి. ఆ ఒక్క మాట వెనుక ఏమున్నదో వెతుకుతూ పోగా నాకొక చిక్కుప్రశ్న ఎదురైంది. మన గుడ్డ చిత్రకారుల దగ్గర ఒకప్పుడు రెండు కలాలు ఉండేవి. ఒకటి వెదురుది, రెండవది ఇనుముది. రెండింటినీ 1742లో ఒక పాశ్చాత్యుడు పూసగుచ్చినట్లు వర్ణించి పెట్టాడు. వెదురు కలం నేటికీ శ్రీకాళహస్తిలో పనిచేస్తోంది. ఇనుప కలం ఆ చేతుల్లోనుంచి జారిపోయింది. చీలిపోయే వెదురు నిలిచి, గట్టి ఇనుము పోవడమేమిటి?

మాటల్లో దాగిన పనిముట్లు

కలంకారీ అన్నది పారసీకపు మాట. కలం అంటే లేఖిని, కారీ అంటే పని. గోల్కొండ రాజ్యపు రేవైన మచిలీపట్నం నుంచి పారసీక దేశానికి సరకు వెళ్ళిన రోజులకు ఈ మాట గుర్తు. శ్రీకాళహస్తి పనివారి నోట దీనికి చక్కని తెలుగు పేరు ఉన్నది, వ్రాతపని. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో చెక్క అచ్చులతో చేసేదానిని అద్దకం అంటారు. పేరు వినగానే పనిముట్టు ఏదో తెలిసిపోతుంది.

పాత తెలుగులో బొమ్మను "వేయడం" కన్న "వ్రాయడం" ఎక్కువగా వినబడుతుంది. చిత్తరువు వ్రాశారు అనేవారు. తాటాకుమీద ఘంటంతో అక్షరం వ్రాసేవాడికీ, గుడ్డమీద కలంతో దేవుణ్ణి వ్రాసేవాడికీ భాష ఒకే క్రియను ఇచ్చింది. లేఖిని అన్న సంస్కృత పదానికి కూడా అక్షరం వ్రాసేదీ, చిత్రం వ్రాసేదీ అని రెండర్థాలూ ఉన్నాయి. ఈ పేరును తెలుగు బ్లాగరులకు కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. మనం ఎంతోకాలం మీటలు నొక్కి తెలుగు వ్రాసుకొన్న ఆ పరికరం పేరు, తొమ్మిది వందల ఏండ్లనాటి చిత్రశాస్త్రంలో రంగు పట్టే పనిముట్టుకు ఉన్న పేరే.

ఆ శాస్త్రం మానసోల్లాసం. కళ్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేర పన్నెండవ శతాబ్ది పూర్వార్ధంలో వెలువడిన గ్రంథం. తెలంగాణలో చాలాభాగం ఆ రాజుల ఏలుబడిలో ఉండినదే గనుక ఇది మనకు పరాయిది కాదు. ఇందులో చిత్రలేఖనాన్ని చెప్పేటప్పుడు గోడను సిద్ధంచేయడం, దున్నపోతు చర్మాన్ని ఉడికించి వజ్రలేపమనే బంక తీయడం, కుంచె కట్టడం అన్నీ వరుసగా వస్తాయి. ఆవుదూడ చెవి వెండ్రుకలను లక్కతో కర్రకు బిగించి కుంచె చేయమంటాడు. లావు, నడితరం, సన్నం అని వాటిలో రకాలు చెబుతాడు. రాజు పేర వెలసిన గ్రంథం దూడ చెవి వెండ్రుక దాకా దిగివచ్చినదంటే, పనిముట్టు సంగతి చెప్పకుండా కళను చెప్పలేమని ఆనాటివారు ఎరిగినట్లే.

తెలుగులో కుంచె అన్న మాట ఇంకా పెద్ద కుటుంబాన్ని మోస్తుంది. చిత్రకారుడిది కుంచె. గోడకు వెల్లవేసేది కుంచె. సాలెల ఇండ్లలో చాచిన పడుగుకు గంజి పట్టించి దువ్వేదీ కుంచెయే. తడిని పట్టి ఉంచి, సమంగా పరచగల పీచుకట్ట ఏదైనా కుంచెయే. పనివారి భాష పనిని చూసి పేరు పెట్టింది.

వెదురు కలం

శ్రీకాళహస్తి కలాన్ని చేతిలోకి తీసుకొంటే మొదట కొంత ఆశ్చర్యం కలుగుతుంది. ఎండిన వెదురు బద్ద, లేదా ఈతపుల్ల. ఒక కొన కత్తితో సన్నగా చెక్కి ఉంటుంది. మొనకు కాస్త పైన ఉన్నిగాని, మెత్తని గుడ్డపేలికగాని ఉండలా చుట్టి దారంతో బిగించి ఉంటుంది. ఇంతే కలం. కలాన్ని రంగులో ముంచితే ఆ ఉండ రంగును పీల్చుకొంటుంది. వ్రాసేటప్పుడు వ్రేళ్ళతో కొద్దిగా నొక్కితే రంగు మొనకు దిగుతుంది. నొక్కు పెరిగితే గీత లావవుతుంది, తగ్గితే సన్నబడుతుంది. సిరాను కడుపులో దాచుకొనే కలాలు బజారులోకి రావడానికి చాలాముందే మనవారు ఒక పేలికతో ఆ పని సాధించారు. గీతలకు వాడిమొన కలం, నింపడానికి మొద్దుమొన కలం. మొదటి చిత్తు గీయడానికి కాల్చిన చింతపుల్ల బొగ్గు.

ఈ కలం వ్రాసేది అన్నివేళలా రంగును కాదని గమనించాలి. నల్లగీత కోసం వాడేది కసిమి. తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లపు నీళ్ళతో కుండలో వేసి రెండుమూడు వారాలు పులియనిస్తే వచ్చే ద్రవం అది. ఎరుపు కావలసిన చోట పూసేది పటిక నీళ్ళు. పటికకు సొంత రంగు లేదు. గుడ్డను తరువాత వేళ్ళ కషాయంలో ఉడికించినప్పుడు, పటిక తాకినంతమేరే ఎరుపు పట్టి నిలుస్తుంది. తక్కిన చోట నీటిలో కడుగుకొని పోతుంది. అంటే ఇక్కడి చిత్రకారుడు తాను వ్రాస్తున్న ఎరుపును కంటితో చూడకుండానే వ్రాయాలి. పొయ్యిమీద గుడ్డ ఉడికిన తరువాతగాని తన గీత తనకు కనబడదు.

గుడ్డ కూడా ఈ పనిముట్టులో సగభాగమే. ముతక నూలుగుడ్డను గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడినీ గేదెపాలనూ కలిపిన నీటిలో తడిపి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు కసిమిలోని ఇనుముతో కలిస్తే నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు ద్రవాన్ని అటూ ఇటూ పాకనివ్వదు. పాలు పట్టని గుడ్డమీద ఎంత మంచి కలమైనా మరకే వేస్తుంది. కలం మొన ఎంత సన్నగా ఉన్నదన్న దానికన్న, ఆ మొనకు గుడ్డ ఎంత కట్టుబడి ఉన్నదన్నదే గీతను నిర్ణయిస్తుంది.

కాపాడుకోవడమంటే

ఇక్కడే కలాన్ని కాపాడుకొనే శాస్త్రం మొదలవుతుంది. దానికి మొదటి సూత్రం, ఒక కలం ఒకే కుండకు. కసిమిలో ముంచిన కలాన్ని పటిక కుండలో పెట్టరాదు. పటికలో కొద్దిపాటి ఇనుము చేరినా రేపు పొయ్యిమీద ఎరుపు మాసి, గోధుమవన్నెకో ఊదావన్నెకో తిరుగుతుంది. అది ఈరోజు కంటికి కనబడదు. నాలుగు రోజుల పని ఉడికిన తరువాత బయటపడుతుంది. అప్పుడు దిద్దుకోవడానికి దారి లేదు. పటిక నీటిని ఇనుప పాత్రలో ఉంచకపోవడానికీ కారణం ఇదే. పనివాడు రసాయనశాస్త్రం చదవలేదు. ఏ కలం ఏ కుండదో వాడి చేతికి తెలుసు.

రెండవ సూత్రం కడగడం. ఉన్ని ఉండలో కసిమి ఎండిపోతే అది గట్టిపడి, మర్నాడు రంగును సరిగా పీల్చదు, సరిగా వదలదు. పని ముగియగానే నీటిలో పిండి, తేటనీరు వచ్చేదాకా కడిగి ఆరబెట్టాలి. మొన మొద్దుబారితే చెక్కాలి. ఉండ వదులైతే మళ్ళీ చుట్టాలి. బద్ద పొట్టిదైపోతే, కొత్త వెదురు తెచ్చి మొదటినుంచి చేసుకోవాలి. నన్ను ఆలోచనలో పడవేసినది ఈ చివరి మాటే. వెదురు కలాన్ని కాపాడుకోవడంలో పెద్దభాగం దానిని మళ్ళీ చేయగలగడం. కలం పోయినా నష్టం లేదు, చేయడం వచ్చిన చేయి ఉంటే.

మూడవది నీరు. ప్రతి దశ తరువాత గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవనీటిలో జాడిస్తే విడిపోయిన రంగు, కషాయం మళ్ళీ గుడ్డమీదికే చేరతాయి. శ్రీకాళహస్తికి స్వర్ణముఖి, దాని ఇసుకతిన్నెలు అలా పనిముట్లైనాయి. కలాన్ని ఇంట్లో దాచుకోవచ్చుగాని నదిని దాచుకోలేము. స్వర్ణముఖి సంవత్సరంలో చాలాకాలం ఇసుకగానే ఉండే నది. నీరున్న రోజులనుబట్టి పని సాగవలసి వచ్చేది. ఈ కళకు వచ్చిన కష్టాలలో ఇదొకటి.

1742 నాటి సాక్ష్యం

ఈ పనిముట్ల గూర్చి మనవారు వ్రాసిపెట్టినది తక్కువ. చేసేవారికి వ్రాయవలసిన అవసరం లేకపోయింది. కావలసివచ్చినవారు వ్రాసుకొన్నారు. 1620 ప్రాంతంలో మచిలీపట్నంలో ఇంగ్లీషు కంపెనీ పనిమీద ఉన్న విలియం మెథ్‌వోల్డ్ ఇక్కడి చిత్తరువు గుడ్డలను మెచ్చుకొంటూ, వాటిలో మేలైనవి చేతి కలంతో వ్రాసినవనీ, ఎన్నిసార్లు ఉతికినా గుడ్డ ఉన్నంతకాలం రంగు ఉంటుందనీ నమోదు చేశాడు. ఆ ఉతుకుకు నిలిచే గుణమే యూరపును మోహింపజేసింది. అక్కడి అద్దకాలు అప్పటికి నీళ్ళు తగిలితే నిలిచేవి కావు.

మోహం వెనుకే భయమూ వచ్చింది. తమ నేతగాండ్రు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు 1686లో ఈ గుడ్డలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని నడిపింది. ఇంగ్లండు 1700లో ఒకటి, 1720లో ఇంకొకటి చట్టాలు చేసింది. సరకును ఆపుతూనే, ఆ సరకు ఎలా తయారవుతుందో తెలుసుకొనే ప్రయత్నాలు జరిగాయి. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నావికోద్యోగి పుదుచ్చేరిలో ఒక చిత్రకారుడి పని దగ్గర ఉండి, ప్రతి దశలోనూ గుడ్డముక్కను నమూనాగా తీసుకొని వివరాలు వ్రాసుకొన్నాడు.

ఆ తరువాతివాడు కేర్దూ. తెలుగువారు గుర్తుంచుకోవలసిన మనిషి. జెసూయిట్ మతబోధకుడిగా వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదాలతో నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి గ్రీకు, లాటిను భాషలతో ఉన్న పోలికలను విలియం జోన్స్ 1786 నాటి ప్రసంగానికి ముందే, 1767లో పారిస్ పండితులకు వ్రాసి పంపాడు. ఈయన 1742లో కోరమాండల్ చిత్రకారుల పద్ధతిని వివరిస్తూ ఒక సుదీర్ఘమైన లేఖ వ్రాశాడు. తాను క్రైస్తవంలోకి తెచ్చిన పనివారిని అడిగి తెలుసుకొన్న విషయాలవి.

పద కోశాలు కూర్చే మనిషి చూపు ఆ లేఖలో కనబడుతుంది. వెదురు కలాన్ని ఆయన చెప్పిన తీరు చదివితే నేటి కాళహస్తి కలాన్ని చూసి వ్రాసినట్లే ఉంటుంది. మొన చెక్కి కొద్దిమేర చీల్చిన చిన్న వెదురు ముక్క, దానికి కట్టిన పేలిక, వ్రేళ్ళతో నొక్కితే దిగే రంగు. అక్కడితో ఆగక రెండవ కలాన్నీ చెబుతాడు. అది మైనం వ్రాసే కలం. మూడు వ్రేళ్ళ మందానికి కొంచెం ఎక్కువ పొడవున్న ఇనుము. పైభాగం సన్నగా ఉండి ఒక కర్రపిడిలో దిగుతుంది. క్రిందికొన చీలి ఉంటుంది. నడుమ ఒక గుండ్రని వలయం. ఆ వలయం చుట్టూ జాజికాయంత వెండ్రుకల ఉండ. వేడిమైనాన్ని ఆ వెండ్రుకలు పీల్చుకొని కొద్దికొద్దిగా మొనకు వదులుతాయి.

మైనం ఎందుకంటే నీలిరంగు కోసం. నీలిమందు పటికను అనుసరించి నడిచే రంగు కాదు. గుడ్డను నీలితొట్టిలో ముంచితే తాకిన చోటల్లా పడుతుంది. కనుక నీలం వద్దన్న చోటల్లా మైనం కప్పాలి. ఎర్రపువ్వు పక్కన నీలపు ఆకు, ఆ ఆకులో తెల్లని ఈనె కావాలంటే, ఆ ఈనెను మైనంతో వ్రాయాలి. వెదురు మొన మైనాన్ని వేడిగా నిలపలేదు. ఇనుము వేడిని పట్టి ఉంచుతుంది గనుక మైనం గడ్డకట్టకుండా పారుతుంది. ఇనుమెందుకు, వెదురెందుకు అన్నదానికి జవాబు ఇంత సూటిగా ఉన్నది. ఈ కలానికి కావలసిన సంరక్షణ ఎలాంటిదో ఊహించడం కష్టం కాదు. మైనం గట్టిపడకముందే వెచ్చగా తుడవాలి. చీలిక పూడుకుపోకుండా చూడాలి. తుప్పు పట్టనివ్వరాదు. వెండ్రుకల ఉండ మాడితే మార్చాలి.

ఇనుము ఎందుకు పోయింది

నేటి కాళహస్తి వ్రాతపనిలో నీలాన్ని కలంతోనే నేరుగా పూస్తారు. మైనం లేదు, మైనపు కలం లేదు. ఇంతటి స్పష్టమైన వర్ణన ఉండగా ఆ కలం ఎందుకు పోయింది?

ఆ కలం ఒంటరిగా నిలిచే పనిముట్టు కాదని నాకు తోచింది. దాని వెనుక మైనం కరిగించే నిప్పుపాత్ర, నీలితొట్టిని పులియబెట్టి నిలపగల అద్దకందారు, తొట్టిలో ముంచిన గుడ్డనుంచి మైనాన్ని మరుగునీటితో తీసేవారు, అంత పొడవైన పనికి డబ్బిచ్చి వేచివుండే కొనుగోలుదారు, ఇందరు ఉండాలి. చాలాచోట్ల చిత్రకారుడు వేరు, నీలితొట్టివాడు వేరు. పద్ధెనిమిదవ శతాబ్ది ద్వితీయార్ధం నుంచి యూరపులో అచ్చుగుడ్డల కార్ఖానాలు బలపడ్డాయి. 1869లో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను రసాయనికంగా తయారుచేయడం తెలిసింది. 1897లో కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. విదేశపు కొనుగోలుదారు తప్పుకొన్నాడు. గొలుసులో ఒక్కొక్క కడియం ఊడింది. చివరకు ఇనుప కలానికి చేయడానికి పని లేదు. పని లేని పనిముట్టును ఎవరూ తుడవరు. తుడవని ఇనుముకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

చిరివేరుకూ ఇదే గతి పట్టింది. కోస్తా ఇసుకనేలల్లో పండే ఈ మొక్క వేళ్ళే మన గుడ్డలకు ఎరుపునిచ్చాయి. సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1795 నాటి తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దాని బొమ్మను వేయించి, అద్దే పద్ధతినీ వివరించాడు. మొక్క పుస్తకంలో భద్రంగా నిలిచింది. దానిని త్రవ్వి, ఎండబెట్టి, దంచే పని చాలామటుకు ఆగిపోయింది. అలిజరిన్ పొట్లం ఆ స్థానంలోకి వచ్చింది.

వెదురు కలానికి అంత గొలుసు అక్కరలేదు. కత్తి, వెదురు, పేలిక, దారం. అది ఇంట్లోనే పుడుతుంది. గుడి తెరలు, రథపు గుడ్డలు, రామాయణ భారత కథల పటాలు కావాలనేవారు ఊరిచుట్టూ కొద్దిమంది ఉన్నంతకాలం దానికి పని ఉన్నది. ఇనుము గట్టిది గనుక దానిని మళ్ళీమళ్ళీ చేయవలసిన అవసరం రాలేదు. చేసే విద్య కొద్దిచేతుల్లోనే ఉండిపోయింది. వెదురు నాసిరకం గనుక ప్రతి పనివాడూ, ప్రతి శిష్యుడూ దానిని పదేపదే చేసుకోవలసి వచ్చింది. ఆ నాసితనమే ఆ విద్యను చేతుల్లో నిలిపిందని నా అభిప్రాయం.

ఇంటి కుంచె, ఊరి అచ్చు

ఇతర పనిముట్లతో పోల్చిచూస్తే ఈ అభిప్రాయం నాకు మరింత బలపడింది. మా అమ్మమ్మగారింట సంక్రాంతికి ముందు గోడలకు వెల్ల వేసేవారు. కుంచెను ఎవరూ బజారులో కొనేవారు కారు. కాలువగట్టు మొగలిపొదనుంచి ఊడ కోసి తెచ్చి, ఒక కొనను సుత్తితో నలగగొడితే పీచు విడి కుంచె తయారు. సున్నాన్ని గుడ్డలో వడగట్టి, కాస్త గంజి కలిపి, క్రింద జేగురుపట్టీ తీసేవారు. తెలంగాణలో ఈ ఎర్రమన్నును జాజు అంటారు. సాయంత్రం పని కాగానే కుంచెను నీళ్ళకుండలో వేసి, బాగా జాడించి, చూరుకు తగిలించడం పిల్లల వంతు. ఆరిన సున్నం గాలిని పీల్చుకొని మళ్ళీ రాయిగా మారుతుంది. ఒక్కరాత్రి మరచిపోతే తెల్లవారేసరికి కుంచె కొయ్యముక్కే. ఈ సంగతి తెలియని పిల్లవాడు ఆ రోజుల్లో ఊళ్ళో ఉండేవాడు కాడు.

ఇప్పుడు గోడకు డబ్బారంగులు వచ్చాయి. వాటి కుంచెలను ద్రావకంలో కడగాలి. చాలామంది కడగరు, పారవేసి కొత్తది కొంటారు. మొగలికుంచెనూ పారవేసేవారే. అయితే కొత్త కుంచె చేయడం వచ్చినవాడు పారవేయడం వేరు, కొనడం మాత్రమే తెలిసినవాడు పారవేయడం వేరు.

పెడన అచ్చులది ఇంకొక త్రోవ. టేకు చెక్కమీద చెక్కే ఈ అచ్చులు ఒక తరంనుంచి మరొక తరానికి చేరగల ఆస్తి. గీతకు ఒక అచ్చు, ఒక్కొక్క రంగు నింపడానికి ఒక్కొక్క అచ్చు. ఇవన్నీ ఒకే కొలతకు అమరాలి. చెక్క వంగితే, పగిలితే, అంచు ఒక నూలు అరిగితే గీతకూ రంగుకూ పొత్తు తప్పుతుంది. అందుకే కొత్త అచ్చును నూనెలో నానబెడతారు. వాడిన వెంటనే కడిగి నీడన ఆరబెడతారు. ఎండ చెక్కకు శత్రువు, చెద ఇంకా పెద్ద శత్రువు. ఇంత శ్రద్ధతో దాచిన అచ్చులలో ఎన్నో నేడు దేశమంతటా పట్టణాల ఇళ్ళలో గోడమీది అలంకారాలుగా వ్రేలాడుతున్నాయి. చెక్కకు మంచి ఆలనాపాలనా దొరికి ఉండవచ్చు. అచ్చు పని మాత్రం ఆగిపోయింది.

చేర్యాల నకాషీల పద్ధతి మరీ విలక్షణమైనది. ఖాదీగుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, తిరుమణి బంక కలిపి పట్టించి, ఎండిన దానిమీద ఉడుత వెండ్రుకల కుంచెతో కులపురాణాలను పటంగా వ్రాసేవారు. రంగుకు కొబ్బరిచిప్ప. ఊరూరా తిరిగి కథ చెప్పేవారు ఆ పటాన్ని విప్పి, చుట్టి, తరాల తరబడి వాడేవారు. జీర్ణించిన పటాన్ని మూలపడేయరు. పూజచేసి నీటిలో నిమజ్జనం చేసి, నకాషీల చేత కొత్తపటం వ్రాయించుకొంటారు. మ్యూజియం చూపుతో చూస్తే ఇది వినాశం. నకాషీ ఇంటివైపునుంచి చూస్తే, ప్రతి తరంలోనూ ఒక పటం వ్రాయడానికి చేయీ, కుంచే సిద్ధంగా ఉండేలా చేసిన ఏర్పాటు ఇది.

ఒక కొనప్రాణం

పై వాదాన్ని చదివి వెదురు కలానికి ఇక భయం లేదనుకోవడం పొరపాటు. ఇరవయ్యవ శతాబ్ది నడుమకు వచ్చేసరికి కాళహస్తిలో వ్రాతపని దాదాపు ఆగే స్థితికి చేరింది. అఖిలభారత హస్తకళల బోర్డు తరఫున కమలాదేవి చటోపాధ్యాయ పూనుకోగా 1957లో అక్కడ ఒక శిక్షణకేంద్రం వెలసింది. నేర్పడానికి జొన్నలగడ్డ లక్ష్మయ్య దొరికారు. "దొరికారు" అన్న మాటను నేను తెలిసే వాడుతున్నాను. నాటికి బోల్యూ నమూనాలు పారిస్‌లో ఉన్నాయి. కేర్దూ లేఖ అచ్చులో ఉన్నది. హాడవే మద్రాసు రాష్ట్రపు గుడ్డ చిత్తరువుల మీద 1917లో ప్రకటించిన పుస్తకమూ ఉన్నది. కాళహస్తి పిల్లవాడికి కలం చుట్టడం నేర్పడానికి ఆ పుస్తకాలన్నీ కలిసినా చాలవు. ఉన్ని ఎంత బిగువుగా చుట్టాలి, ఎంత నొక్కితే ఎంత దిగుతుంది, కసిమి పులిసిందని ముక్కుకు ఎలా తెలుస్తుంది అన్నవి ఒక మనిషి పక్కన కూర్చొని నేర్వవలసినవి. ఆ మనిషి అప్పటికి బ్రతికి ఉండటం మన అదృష్టం. అలా నిలిచిన ఊరినుంచే జొన్నలగడ్డ గురప్పశెట్టి 2008లో పద్మశ్రీ అందుకొన్నారు.

ఇనుప కలం కోసం అలా ఒకరు మిగలలేదు. అయినా కేర్దూ లేఖ వృథా అని నేను అనను. ఆ లేఖ లేకపోతే పోయినదేమిటో కూడా మనకు తెలిసేది కాదు. నీలపు ఆకులోని తెల్లని ఈనెను చూసి, ఇది ఎలా సాధ్యమైందని విస్తుపోయి ఊరుకొనేవాళ్ళం. వ్రాత పనిముట్టును బ్రతికించలేదు. దాని ఖాళీచోటును మాత్రం గుర్తుపట్టి ఉంచింది. వ్రాసుకొనేవాళ్ళమైన మనం ఈ రెండింటికీ ఉన్న తేడాను మరువకుండా ఉంటే చాలు.

పాత చిత్తరువు గుడ్డలను కాపాడేవారికి తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. ముందుగా శిథిలమయ్యేది నల్లగీతే. కసిమిలోని ఇనుము ఏండ్ల తరబడి నూలును తినివేస్తుంది. ఎరుపు, నీలం నిలిచి ఉండగా, నలుపు ఉన్న చోట దారం పొడిగా రాలి సన్నని చీలిక మిగులుతుంది. మ్యూజియంలో దాచిన గుడ్డమీద కూడా కలం వ్రాసిన గీత చిరస్థాయి కాదన్నమాట. దానిని నిలపాలంటే ఎవరో ఒకరు మళ్ళీ వ్రాయాలి.

కనుక నా కోరిక చిన్నది. మన మ్యూజియంలు పటం పక్కన ఒక కలాన్ని, కసిమి కుండను, మొగలికుంచెను కూడా పెట్టాలి. వాటిని చేసే మనిషిని ఏడాదికి ఒకసారైనా పిలిచి, పిల్లల ఎదుట కొత్తవి చేయించి, పాతవాటి స్థానంలో పెట్టించాలి. శ్రీకాళహస్తికి, మచిలీపట్నానికి వేర్వేరుగా భౌగోళిక గుర్తింపు ముద్రలు లభించాయి, సంతోషం. ముద్ర పేరును కాపాడుతుంది. మొనను చెక్కేది కత్తి పట్టిన చేయి.

మీ మీ ఊళ్ళలో వెల్లకుంచెను దేనితో చేసేవారో, ఏ పేరుతో పిలిచేవారో పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాయండి. ఈతమట్టతోనా, తాటినారతోనా, మొగలి ఊడతోనా? పేరు ఒక్కటే తెలిసినా వ్రాయండి. చేసే పద్ధతి తెలిస్తే మాత్రం, వ్రాసేముందు ఒకసారి చేసి చూడండి.